చలి రెండు గంటలే: పెళ్లి ముందు ఫొటోల దుస్తులపై ఒక సమీక్ష

కార్తీకం వెళ్లి చలి ముదిరిందంటే హైదరాబాద్‌లోని కొత్తగూడ, కొండాపూర్ చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్లకు ఊపిరి సలపదు. మాఘంలో ముహూర్తం కుదిరిన జంటలకు ధనుర్మాసం బాగా కలిసొస్తుంది. డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా పెళ్లిళ్లు పెట్టుకోరు. నిశ్చితార్థం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆఫీసులో ఏడాది చివరి సెలవులు మిగిలి ఉంటాయి. ఫొటోల పని ఆ నెలలోనే ముగించాలని అందరూ చూస్తారు. తేదీ ఖాయమవుతుంది, ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ముడుతుంది, చోటు కూడా అనుకుంటారు. ఎటూ తేలకుండా ఆఖరి వారం దాకా నలిగేది బట్టల సంగతే.

సలహాలకు మాత్రం కొదవ లేదు. స్థూలంగా ఐదు మాటలు వినిపిస్తాయి. చలికాలం కనుక ఉన్ని కోట్లు, స్వెటర్లు వేసుకోమని ఒక మాట. నేలమీద జీరాడే పొడవాటి గౌను అద్దెకు తెచ్చుకోమని మరొకటి. ఇద్దరూ ఒకే రంగు వేసుకోమని ఇంకొకటి. పట్టు, చేనేత తప్ప మరేదీ వద్దని పెద్దల మాట. రోజూ తొడుక్కునేవే చాలునని కొందరు కుర్రవాళ్ల మాట. ఇందులో ఏ మాటా పూర్తిగా తప్పు కాదు. ఏది ఏ వేళకు, ఏ చోటికి, ఏ జంటకు నప్పుతుందో ఎవరూ విడదీసి చెప్పకపోవడం వల్లే చిక్కు వస్తోంది. నా మటుకు ఒక వరస ఉంది: ముందు పొద్దు, తర్వాత చోటు, ఆ తర్వాతే బట్ట. ఈ వరస తిరగబడిన చోటే డబ్బు పోతుంది, ఫొటోలూ పాడవుతాయి.

ఇక్కడి చలి ఎంత?

హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట. మామూలు డిసెంబరులో తెల్లవారుజామున 15 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, మధ్యాహ్నానికి 28, 29కి చేరుతుంది. నగరం నడిబొడ్డుకన్నా శేరిలింగంపల్లి వైపు చలి ఎక్కువ. సెంట్రల్ యూనివర్సిటీ చెట్లూ బండలూ ఉన్న ప్రాంతంలో, చలిగాలులు వీచిన రాత్రుల్లో పది డిగ్రీల లోపుకు కూడా దిగుతుంది. కొత్తగూడకు అది దగ్గరే.

అంటే ఒకే పూటలో రెండు కాలాలు చూస్తాం. పొద్దున ఆరున్నరకు పళ్లు కటకటలాడతాయి. తొమ్మిదిన్నరకు శాలువా తీసేయాలనిపిస్తుంది. పదకొండుకు చెమట. ఒంటిమీద ఉన్ని కోటుతో ఆ వేళ నిలబడ్డ అబ్బాయి మొహంలో నవ్వు ఎంతసేపు నిలుస్తుంది? మన చలి గట్టిగా రెండు గంటలది. బట్టలన్నీ దాని చుట్టూ కొనడం వృథా, దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం పొరపాటు. చేతుల్లేని జాకెట్టుతో తెల్లవారి నిలబెడితే భుజాల మీద రోమాలు నిక్కబొడుచుకున్నది కెమెరా దాచదు. ముక్కుకొన ఎర్రబడ్డదీ దాచదు.

ఇంకొకటి గాలిలో పొడి. పాలిస్టర్ జార్జెట్ చీర ఆ పొడి గాలికి కాళ్లకు అతుక్కుంటుంది, జుట్టు చీరకు అంటుకుంటుంది, కుచ్చిళ్లు ఎంత సర్దినా నిలవవు. నూలుకూ పట్టుకూ ఈ బెడద తక్కువ. పెదవులు పగలడం, మోచేతులు తెల్లబారడం కూడా ఈ పొడివల్లే. వారం ముందు నుంచే చర్మానికి తడి పట్టించుకోవాలి. బయల్దేరే ముందు నూనె రాస్తే మెరుపు తప్ప మేలు లేదు.

పొద్దు, కెమెరా

చలికాలం ఫొటోలకు ఇంత పేరు రావడానికి అసలు కారణం చలి కాదు, ఎండ వాలు. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మన నీడ మన కాళ్లకిందే మాయమవుతుంది. డిసెంబరు మూడో వారంలో అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణంగా వాలి, దాదాపు 49 డిగ్రీల ఎత్తు దాటడు. రోజంతా వెలుతురు పక్కనుంచి పడుతుంది. డిసెంబరు నడుమ సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో, అస్తమయం ఐదూ ముప్పావు ప్రాంతంలో. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర: బట్ట నేత, మడత, అంచు అన్నీ విడివిడిగా కనబడే వేళలు ఇవే.

కెమెరాను బట్టి బట్టలు ఎంచడం ఈ నగరానికి కొత్తేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, ఫొటోలు తీయడానికి కూడా స్త్రీనే పెట్టాడు. ఫిల్ముకు బదులు వాడిన ఆనాటి గాజు పలకలకు ఎరుపు దాదాపుగా తెలియదు. ఎర్ర చీర నల్లగా, లేత నీలం తెల్లగా పడేది. కాబట్టి చీర కంటికి ఎలా ఉందన్నది ఒకటి, పలక మీద ఎలా తేలుతుందన్నది మరొకటి.

ఈనాటి డిజిటల్ కెమెరాకు ఎరుపు తెలియక కాదు, ఎక్కువై చిక్కు. రాణి రంగు పట్టుచీర నేరుగా ఎండలో పెట్టి తీస్తే మడతలన్నీ కలిసిపోయి ఒకే ముద్దగా పడుతుంది. అదే చీర చెట్టు నీడలో తీస్తే కుచ్చిళ్లు లెక్కపెట్టవచ్చు. సన్నని గళ్లూ, దగ్గరదగ్గర గీతలూ ఉన్న చొక్కా దూరం నుంచి తీస్తే బట్టమీద లేని అలలు తెరమీద పుడతాయి. కంటికి కొట్టే చిలకపచ్చ పక్కవాళ్ల దవడమీద ఆకుపచ్చ నీడ వేస్తుంది. జంట ఫొటోలో ఇది వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఇద్దరి మొహాలూ దగ్గరగా ఉంటాయి. మిలమిలలాడే సాటిన్ మీద ఎండ పడితే అక్కడ తెల్లటి మచ్చ తప్ప బట్ట కనబడదు.

మరి ఏ రంగులు? మన చీరల రంగులకు మన దుకాణాల్లో ఉన్న పేర్లే దారి చూపుతాయి. ఉల్లిపొర రంగు, గంధం రంగు, ఇటుక రంగు, తేనెరంగు, వంకాయ రంగు, నేరేడుపండు రంగు, సీసాపచ్చ, ముక్కుపొడి రంగు. ఇవన్నీ కొంచెం అణిగిన రంగులు. చామనఛాయ మొహాన్ని ఇవి వెనక్కి నెట్టవు. మన తెలుగు జంటల్లో ఎక్కువమంది ఒంటిరంగు అదే. మొహం తెల్లబరిచే సవరణలు ఫొటోగ్రాఫర్‌ను అడగడం మానేసి, మొహానికి నప్పే రంగు కట్టుకోవడం మీద శ్రద్ధ పెడితే ఫొటోలో మనం మనలాగే ఉంటాం.

గేటు తెరిచే వేళే బట్టను నిర్ణయిస్తుంది

కొత్తగూడకు ఉన్న అదృష్టం కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్. అటవీశాఖ చేతికింద ఉన్న ఈ రెండువందల డెబ్బైకి పైగా ఎకరాల్లో చెట్లూ, నీటి మడుగులూ, దక్కను బండలూ ఉన్నాయి. డిసెంబరులో గడ్డి ఎండి తేనెరంగు తిరుగుతుంది, బండ బూడిదరంగు, ఆకు ముదురుపచ్చ. ఈ నేపథ్యంలో ఆకుపచ్చ చీర కలిసిపోతుంది, ఎండుగడ్డి దగ్గర ముక్కుపొడి రంగు తప్పిపోతుంది. ఇటుక రంగు, వంకాయ రంగు, పసుపు నిలబడతాయి. అయితే షూటింగుకు రుసుము, అనుమతి, లోపలికి వదిలే వేళ ముందుగా కనుక్కునే వెళ్లాలి. అక్కడ నేల ఎర్రమట్టి. తెల్ల గౌను అంచు పది నిమిషాల్లో ఎర్రబడుతుంది. సన్నని హీల్ మట్టిలో దిగుతుంది. చీర కింద ఏ చెప్పులున్నా కనబడవు కనుక నడిచేటప్పుడు బూట్లే మేలు.

మాదాపూర్ శిల్పారామంలో మట్టి గోడలూ, పల్లె ముంగిళ్లూ చేనేత చీరకు చక్కగా అమరుతాయి. కాని అది తెరిచేది పది దాటాకే. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చౌమహల్లా ప్యాలెస్ కూడా పొద్దెక్కాకే గేట్లు తీస్తాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రాతి కోట అనగానే వెల్వెట్ షేర్వాణీ, బరువైన లెహంగా అనుకుంటారు. లోపలికి అడుగుపెట్టేసరికి చలి వెళ్లిపోయి ఉంటుంది, రాయి వేడెక్కడం మొదలవుతుంది. చారిత్రక కట్టడాల దగ్గర సాయంత్రం వేళ, పలుచని పట్టుతో, వీలైతే నూలుతో వెళ్లడమే తెలివి.

ఐటీ కారిడార్ గాజు భవనాల సంగతి వేరు. పొద్దు గుంకిన తర్వాత ఓ ఇరవై నిమిషాలు ఆకాశమూ అద్దాలూ నీలంగా మారతాయి. ఆ నీలంలో తెల్ల చొక్కా కూడా నీలమవుతుంది. పసుపు, కనకాంబరం రంగు, ముదురు ఎరుపు అప్పుడు దీపంలా వెలుగుతాయి. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఈ వేళకు అందరి కోరిక. వంతెన మీద బండి ఆపి ఫొటోలు దిగవద్దని పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. చెరువు గట్టు మీద నుంచి తీస్తే వంతెన దీపాలూ పడతాయి, ప్రాణాలూ భద్రం. 2023 జనవరి 1న తెరిచిన కొత్తగూడ ఫ్లైఓవర్‌కూ ఇదే మాట.

ఐదు దారులు, ఐదు తీర్పులు

మొదటిది ఉన్ని కోట్లు, స్వెటర్లు. ఇవి మంచు పడే దేశాల ఫొటోల నుంచి వచ్చినవి. అమెరికాలో, యూరప్‌లో ఉన్న తెలుగు జంటకు డిసెంబరులో కోటు అవసరమే. అక్కడ కోటు రంగే చీర రంగంత ముఖ్యం, ఎందుకంటే ఫొటోలో సగం అదే ఉంటుంది. కొత్తగూడలో మాత్రం దాని పని పొద్దుటి రెండు గంటలే. దానికోసం కొత్తగా కొనడం అనవసరం. ఇంట్లో అమ్మమ్మదో నాయనమ్మదో శాలువా ఉంటే అది చాలు. భుజాన వేసుకుంటే ఫొటోకు అందం, షాట్‌కూ షాట్‌కూ మధ్య ఒంటికి వెచ్చదనం. చీర కింద లెగ్గింగు, జాకెట్టుకు ముప్పావు చేతులు పెట్టుకుంటే చలి సమస్య అక్కడితో తీరిపోతుంది.

రెండోది అద్దె గౌన్లు. గాలిలో ఎగిరే పొడవాటి తోక ఒక్క ఫొటోకు బాగుంటుంది, నిజమే. దాన్ని ఎగరేయడానికి ఒక మనిషి, మట్టి అంటకుండా పట్టుకోవడానికి మరో మనిషి, మార్చుకోవడానికి చోటు కావాలి. ఎవరి కొలతకో కుట్టినది కనుక వెనకాల పిన్నులు పెట్టి బిగిస్తారు. కూర్చోలేరు, నడవలేరు, పక్కకు తిరగలేరు. ఆ బిగుసుకుపోవడం మొహంలో తెలుస్తుంది. మరీ మనసుపడితే ఒక్క గంటకు, ఒక్క చోటికి పరిమితం చేసుకోండి. రోజంతా దానికి అప్పగించకండి.

మూడోది ఒకే రంగు జోడీ. ఇద్దరూ తల నుంచి కాలి దాకా ఒకే మెరూన్ వేసుకుంటే దగ్గరగా నిలబడ్డప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఒకరి చీర అంచు రంగు మరొకరి లాల్చీకి ఇస్తే చాలు. గంధం రంగు చీరకు ముదురు నేరేడు అంచుంటే, అబ్బాయి నేరేడు రంగు లాల్చీ, గంధం రంగు పంచె. చుట్టరికం కనబడుతుంది, ఇద్దరూ ఇద్దరుగానే ఉంటారు.

నాలుగోది చేనేత. నా ఓటు దీనికే, అభిమానంతో పాటు కారణాలూ ఉన్నాయి. గద్వాల చీర తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టు అంచు అడ్డపోగులను నూలు అడ్డపోగులతో మగ్గం మీదే ఒకదానికొకటి పెనవేస్తారు. ఆ కలిసే చోట వేలితో తడిమితే సన్నని గట్టు తగులుతుంది. ఏడున్నర ఎండ పక్కనుంచి పడితే నూలు వెలుతురును తాగేస్తుంది, పట్టు అంచు తిరిగి ఇస్తుంది. ఒకే చీరలో మొహానికి మెత్తటి నేపథ్యం, అంచుకు మెరుపు రెండూ దొరుకుతాయి. పొద్దున చలికి పట్టు కొంగు కప్పుకోవచ్చు, ఎండెక్కాక నూలు ఒంటికి హాయి. మన చలికి ఇంతకన్నా తగిన బట్ట నాకు తెలియదు.

2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌ది ఇంకో గుణం. పోగులకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు కనుక బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. యంత్రం గీసిన గీతలా కళ్లకు పొడుచుకోదు. పెద్ద బొమ్మలున్నది ఎంచుకుంటే దూరపు ఫొటోలో కూడా నిలుస్తుంది. 2020లో గుర్తింపు వచ్చిన పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపుల్లోనే ఉంటుంది. దుపట్టాగానో, అబ్బాయి భుజాన కండువాగానో వేసుకుంటే బూడిదరంగు బండల ముందు మరొకటి అక్కర్లేదు. నారాయణపేటలో సన్నగళ్లు మానుకుని వెడల్పు అంచున్నది చూడండి. ఒక రంగు నిలువు పోగు, మరో రంగు అడ్డపోగుతో నేసిన డబుల్ షేడ్ పట్టులో నెమలికంఠం రంగుదైతే, వాలుటెండలో మడత ఎత్తున నీలం, లోపల ఆకుపచ్చ కనబడుతుంది. ఆ అందం నీడలో ఉండదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇక్కత్ పేరుతో అచ్చు వేసిన బట్ట బజారునిండా ఉంది. తిరగేసి చూడండి. నేసినదైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, అచ్చుదైతే వెనకవైపు వెలిసినట్టుంటుంది. హ్యాండ్‌లూమ్ మార్క్ అడగండి. నగరం నుంచి యాభై కిలోమీటర్ల దూరంలోని పోచంపల్లికే ఒక ఆదివారం వెళితే నేసినవాళ్ల దగ్గరే కొనవచ్చు. చేనేత సహకార సంస్థ టెస్కో దుకాణాలూ, శిల్పారామం స్టాళ్లూ ఉండనే ఉన్నాయి.

ఐదోది రోజువారీ బట్టలు. ఆఫీసులో కలిసి, కొండాపూర్ టీకొట్టు దగ్గర మాట కలిపి, పెళ్లిదాకా వచ్చిన జంటలు ఇక్కడ ఎన్నో. వాళ్లకు జీన్సు, నూలు కుర్తీ, మడత నలగని చొక్కా నిజంగా వాళ్ల బట్టలు. ఇస్త్రీ చేసి, పెద్ద అక్షరాలూ కంపెనీ బొమ్మలూ లేనివి ఎంచుకుంటే ఇవి ఎంతో సహజంగా ఉంటాయి. ఉద్యోగపు యూనిఫాం విషయంలో మాత్రం ఆలోచించాలి. 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ఇద్దరు ఎస్సైలు పోలీసు యూనిఫాంలో, శాఖ వాహనంతో తీయించుకున్న ప్రీ వెడ్డింగ్ వీడియో అందరి నోళ్లలో పడింది. అప్పటి కమిషనర్ సీవీ ఆనంద్ వాళ్ల ఉత్సాహాన్ని అర్థం చేసుకుంటూనే, ముందే చెబితే అనుమతి ఇచ్చేవాళ్లమని, ఇలా మళ్లీ ఎవరూ చేయవద్దని అన్నారు. డాక్టరు కోటైనా, కంపెనీ ఐడీ కార్డయినా ఇదే న్యాయం. అడిగి వేసుకుంటే గౌరవం, అడగకపోతే తలనొప్పి.

అబ్బాయి సంగతి ఎవరు చూస్తారు?

అమ్మాయి చీరకు నెల రోజుల చర్చ, అబ్బాయి బట్టకు ముందురోజు సాయంత్రం అరగంట. ఫొటోలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పాలిస్టర్ బ్లేజరు ఎండలో మెరుస్తుంది, చంకల్లో బిగుస్తుంది. దానికన్నా ఖాదీ లాల్చీ మీద చేతుల్లేని కోటు మన చలికి సరిపోతుంది. పంచె కట్టడం అలవాటు లేకపోతే వారం ముందు ఇంట్లో కట్టుకుని అటూ ఇటూ నడవాలి. భుజాన కండువా పదేపదే సర్దుకునేవాణ్ణి ఏ కెమెరా అందంగా చూపించలేదు. జేబులో ఫోను, పర్సు తీసి ఎవరికైనా ఇవ్వాలి. లోపలి బనీను అంచు కనబడకూడదు. బూట్లు తుడవాలి.

పెద్దలకూ చోటివ్వండి

ఈ ఫొటోలు ఫోన్లలోనే ఉండిపోవు. ఒకటి రెండు రెండిళ్ల హాళ్లలో గోడకెక్కుతాయి. అందుకని కనీసం ఒక జత బట్టలు ఇంట్లో అందరికీ నచ్చినవి ఉండటం మంచిది. నిశ్చితార్థంలో అత్తవారు పెట్టిన చీర కట్టుకుని ఒక గంట ఫొటోలు దిగితే ఆ ఇంటి సంతోషం వేరు. నలుపు విషయంలో మన ఇళ్లలో ఇంకా పట్టింపు ఉంది. పక్కనే మహారాష్ట్రలో సంక్రాంతికి నల్లచీర కోరి కట్టుకుంటారు. మన దగ్గర శుభకార్యానికి కట్టరు. ముదురు నీలంతో, వంకాయ రంగుతో అదే గంభీరత వస్తుంది కనుక దీనిమీద గొడవ పడాల్సిన పని లేదు. అలాగని అమ్మాయికి ఊపిరాడని బరువు చీర, పది తులాల నగ పెట్టి పార్కులో నిలబెట్టడమూ న్యాయం కాదు. పెద్దల మాట వినడం, ఒంటికి సుఖం చూసుకోవడం రెండూ ఒకే రోజులో ఇమిడిపోతాయి.

తేలిందేమిటి?

రెండు జతలు చాలు. మూడోది తెస్తే మార్చుకోవడంలోనే మంచి వెలుతురు కాస్తా వెళ్లిపోతుంది. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా చేనేత చీర, శాలువా, అబ్బాయికి లాల్చీ పంచె. సాయంత్రం నాలుగున్నర తర్వాత మీకు అలవాటైన తేలిక బట్టలు, గాజు భవనాల దగ్గరైతే వెచ్చని రంగులో. మధ్యాహ్నం ఇంటికెళ్లి భోంచేసి పడుకోండి. మగ్గం వర్క్ జాకెట్టు కావాలంటే నెల ముందే టైలరుకు ఇవ్వాలి, ఎందుకంటే మాఘం పెళ్లిళ్ల కుట్టుపని అప్పటికే పేరుకుని ఉంటుంది. రెండు జతలనూ కనీసం ఒకసారి ముందే వేసుకుని, కూర్చుని, మెట్లెక్కి, ఫోనుతో ఎండలో ఒకటి, నీడలో ఒకటి ఫొటో తీసి చూసుకోండి.

ఇక కొనాలా అద్దెకు తేవాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. పెళ్లయ్యాక కనీసం పదిసార్లు కట్టుకుంటామనిపించేదే కొనండి. ఈ చలికాలం గౌను అద్దెకయ్యే డబ్బుకు కొంత కలిపి గద్వాలలోనో పోచంపల్లిలోనో ఒక చీర తీసుకోండి. ఆ డబ్బు ఒక నేతగాడి ఇంటికి చేరుతుంది, చీర మీ ఇంట్లో ఉంటుంది.